ఎజిస్తో చెప్పిన ముగింపు

"ఏమయ్యా, ఇది పుస్తకమా, మోసమా?"

కార్పి ఊరి గురువారం సంతలో, ఎజిస్తో బల్ల మీద ఒక పుస్తకం ఠపీమని పడింది. అతను ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి. ముక్కు మీద చెమట, కళ్లలో నిప్పులు, జుట్టులో ఇరుక్కున్న చెక్క పీచు. ఆ ఊరి ఆడవాళ్లు సన్నగా చీల్చిన చెక్క పట్టీలను జడలా అల్లి టోపీలకు పంపుతారు. ఈమె ఆ పని మీంచే లేచి వచ్చినట్టుంది.

"ఏమైందండీ?"

"చివరి పదహారు పేజీలు లేవు! సముద్రంలో పోయాడనుకున్న మొగుడు ఏడేళ్లకి తిరిగొచ్చాడు. ఆ రోజే కౌంటెస్ లివియాకి డాక్టరుతో పెళ్లి. మొగుడు చర్చి తలుపు తోశాడు. పేజీ తిప్పితే అట్ట!"

"అయ్యో!"

"అయ్యో అంటే సరిపోతుందా? నేను చదువుతుంటే పన్నెండుమంది అల్లుకుంటూ వింటారు. వారం నుంచి ఒక్కరికీ నిద్ర లేదు. మా అమ్మయితే ఆ పేజీలు నేనే దాచానంటోంది."

"ఇంకో ప్రతి లేదండీ."

"పోనీ ఏమవుతుందో నువ్వే చెప్పు. అమ్మేవాడివి, చదవకుండా ఉంటావా?"

ఎజిస్తో బల్ల మీది పుస్తకాలు అటూ ఇటూ సర్దాడు.

అతనిది కొండల్లోని మోంతెరెజ్జో. ఆ ఊరి మగవాళ్లు తాతల నాటి నుంచీ, వసంతం రాగానే బుట్టెడు పుస్తకాలు వీపున వేసుకుని కొండ దిగుతారు, చలి ముదిరాక ఇల్లు చేరతారు. అట్ట మీది బొమ్మ, కాగితం వాసన, చేతిలో బరువు, వీటిని బట్టి ఎజిస్తో ఏ పుస్తకాన్నయినా పోల్చుకోగలడు. కొన్నవాళ్లు మళ్లీ కనబడితే "ఎలా ఉందండీ?" అని కథంతా రాబడతాడు. ఏ కథ ఏ ఊళ్లో అమ్ముడవుతుందో మిలన్‌లో అచ్చు వేసేవాళ్లు కూడా అతన్నే అడుగుతారు. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఇరవై నాలుగేళ్ల ఎజిస్తోకి చదవడం రాదు.

"ఏం జరిగిందంటే..." అన్నాడు నెమ్మదిగా. "కౌంటెస్ మొగుణ్ణి చూసింది. డాక్టరు చెయ్యి వదిలేసింది. మొగుణ్ణి ఇంటికి తీసుకెళ్లి మూడు రోజులు తిట్టింది."

"మూడు రోజులా?"

"ఆపకుండా. నాలుగో రోజు వేడివేడిగా సూపు చేసి పెట్టింది. అతను తింటూ ఏడ్చాడు. ఆవిడ ఇంకాస్త వడ్డించింది. అంతే."

అమ్మాయి కోపం ఎటు పోయిందో. "బాగుంది," అంది. "నా పేరు జెలిందా. మళ్లీ గురువారం మంచి పుస్తకం తే. పేజీలన్నీ ఉండాలి!"

ఆ రోజు ఎజిస్తో ఇంకే పుస్తకం అమ్మాడో అతనికే గుర్తు లేదు.

రెండు వారాల తర్వాత జెలిందా ఓ పుస్తకం ఊపుకుంటూ వచ్చింది. పైన మబ్బు కమ్మింది.

"దొరికిపోయావ్! మందుల షాపాయన భార్య దగ్గర మంచి ప్రతి ఉంది. కౌంటెస్ చర్చి మెట్ల మీదే గుండె ఆగి చచ్చిపోయింది. సూపు లేదు, ఏమీ లేదు! ఇదిగో, నీ నోటితోనే చదువు."

ఎజిస్తో పుస్తకం అందుకున్నాడు. నల్లటి వరసలు చీమల బారులా కనిపించాయి. చెవులు వేడెక్కాయి.

"ఇవాళ కళ్లు... సరిగ్గా కనబడట్లేదు."

జెలిందా పకపకా నవ్వింది. "ఈ వయసుకే ముసలితాతవయ్యావా?"

పక్క బల్లల వాళ్లూ నవ్వారు. టపటపా చినుకులు మొదలయ్యాయి. ఎజిస్తో పుస్తకాల మీద గుడ్డ కప్పి, బుట్ట సర్దుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

నాలుగు గురువారాలు వేరే ఊళ్లు తిరిగాడు. ఎక్కడ బల్ల వేసినా ఆ నవ్వే వినిపించేది. ఐదో గురువారం కాళ్లు వాటంతటవే కార్పి దారి పట్టాయి.

జెలిందా పరుగున వచ్చింది. "ఎక్కడికి పోయావ్? నీ ముగింపే బాగుందని మావాళ్లంతా నాతో గొడవ. అది చెబుదామంటే మనిషివే లేవు!"

"చదవడం రానివాణ్ణి చూసి నవ్వావు కదా, ఇంకెందుకు రావాలి?"

ఆమె మొహం పాలిపోయింది. "నీకు... చదవడం రాదా?"

ఎజిస్తో నాలుక కరుచుకున్నాడు. ఆమెకి తెలియనే తెలియదు! తనే చెప్పేశాడు.

"మరి ఆ ముగింపు ఎక్కడిది?" అంది మెల్లగా.

"మా ఇంట్లోది. నాన్న ఏటా తొమ్మిది నెలలు పుస్తకాలతో తిరిగేవాడు. ఇంటికి రాగానే అమ్మ మూడు రోజులు తిట్టేది. నాలుగో రోజు..."

"సూపు."

"ఆఁ."

జెలిందా కళ్లు తుడుచుకుంది. "సంత అయ్యాక మా వాకిట్లోకి రా. రాకపోతే నేనే వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్తా."

వాకిట్లో ఆమె చెక్క పట్టీలు వంచి, నేల మీద అక్షరాలు పేర్చింది. తల్లి ఎర్సీలియా లబలబలాడింది. "ఒసేయ్, అవి టోపీలకే! ఈ అబ్బాయికి పలక లేదా?"

"ఊరుకో అమ్మా. ఇతనిది గట్టి బుర్ర, గట్టి వస్తువే కావాలి."

వేసవి అలా గడిచింది. ఆమె వేలు కదిలే చోటల్లా అతని చూపు కదిలేది, ఒక్కోసారి అక్షరం మీద కాక వేలి మీదే ఆగిపోయేది. "పాఠం ఇక్కడ!" అని మొట్టికాయ పడేది. ద్రాక్ష కోతల నాటికి ఎజిస్తో ఒక పేజీ పూర్తిగా, ఎడ్లబండి కన్నా నిదానంగా, చదివాడు. పన్నెండుమందీ అల్లిక ఆపి చప్పట్లు కొట్టారు. అతను మాత్రం తల ఎత్తలేకపోయాడు. కళ్లు నిండిపోయాయి.

"ఇంటికెళ్లాక ఉత్తరం రాయి," అంది జెలిందా వీడ్కోలు చెబుతూ.

చలికాలమంతా ఒక్క ఉత్తరం రాలేదు. మార్చిలో మనిషే వచ్చి, వాకిట్లో నిలబడి, జెలిందా చేతిలో మడత కాగితం పెట్టాడు.

"పోస్టులో వేయడానికేం?" ఆమె మొహం గంటుపెట్టుకుంది.

"అడ్రసు ఎక్కడ రాయాలో నువ్వు నేర్పలేదుగా!"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. జెలిందా కాగితం విప్పి, అలవాటు కొద్దీ, అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టింది. ఎజిస్తో "వద్దు, వద్దు" అంటున్నా ఎవరూ వినలేదు.

"జెలిందా, ఈ చలికాలం అమ్మకి రోజూ పుస్తకం చదివి వినిపించాను. ముప్పై ఏళ్లు నాన్న వీపు వంగిపోయేలా మోసిన బుట్టలో ఏముందో అమ్మకి ఇప్పుడు తెలిసింది. ఇంత మంచివి మోశాడా ఆయన, అని ఏడ్చింది. నాన్న బతికుండగా తెలిస్తే కాస్త తక్కువ తిట్టేదాన్ని అంది. ఇదంతా నీ వల్లే. నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకొచ్చిన మాటల్లో లేదు. నువ్వంటే నాకు..."

ఆమె గొంతు ఆగిపోయింది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

"చదవవేం?" అంది ఎర్సీలియా.

"అమ్మా, ఇక్కణ్ణుంచి నాకు."

"మేమూ విన్నాంలే. అబ్బాయ్, మిగతాది నువ్వే చెప్పు. నోరుందిగా?"

ఎజిస్తో టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "నువ్వంటే నాకు ఇష్టం జెలిందా. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"రాసిన దాంట్లో మూడు తప్పులున్నాయి," అంది ఆమె, కాగితం గుండెకి హత్తుకుని. "మాటల్లో ఒక్కటీ లేదు. చేసుకుంటా."

ఎర్సీలియా ఒళ్లోని పట్టీలు దులిపి లేచి, అతని నుదుటి మీద ముద్దు పెట్టింది. "మీ అమ్మని చూడాలి నేను. ఎప్పుడు బయల్దేరదాం?"

ఈస్టర్ దాటిన వారం ముగ్గురూ రైల్లో కొండ కింది పోంత్రెమోలి ఊరు చేరి, అక్కణ్ణుంచి కాలిబాటన కొండెక్కారు. గుమ్మంలో ఎజిస్తో తల్లి నిలబడి ఉంది. ఆమె జెలిందా రెండు చేతులూ అందుకుంది. అల్లి అల్లి గరుకెక్కిన ఆ వేళ్లను ఒక్కొక్కటే తడిమింది. వంగి ఆ చేతులను కళ్లకద్దుకుని, లోపలికి నడిపించుకుని వెళ్లింది.