గోడలో మూడో తెర

మా బావ నోరు ఊరుకోదు. బల్బు మార్చినా పక్కన వినేవాళ్లు ఒకరుండాలి. కంప్యూటర్లు బాగుచేసే పనికి నన్ను తోడు తీసుకెళ్లేది అందుకే. "వాడికి పని నేర్పిస్తున్నాను" అని మా అక్కకు చెప్పేవాడు గానీ, ఆయనకు కావలసింది ఊఁ కొట్టే మనిషి.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక స్కానింగ్ సెంటర్‌కు వెళ్లాం. ఎక్స్‌రేలు చూసి రిపోర్టులు రాసే డాక్టరమ్మకు ఒక తెర చాలడం లేదట. పాత ఫిల్మ్ ఒకదాంట్లో, కొత్తది ఒకదాంట్లో పెట్టుకుని పోల్చి చూసుకోవాలి. రెండు కొత్త మానిటర్లు తెప్పించింది. కంప్యూటరు అక్కడే ఉంది, వచ్చి బిగించమంది.

గది నేలమాళిగలో ఉంది. ఎక్స్‌రేలు చూసే గది కాబట్టి చీకటిగానే ఉంచుతారట. కిటికీ లేదు, గోడలకు ముదురు బూడిద రంగు. పైన కళ్లు చెదిరే ఎండ. ఆఖరి మెట్టు దిగేసరికి ఎండ అనేదొకటుందని కూడా మరిచిపోయాం. తడిసిన సున్నం వాసన. దాని అడుగున ఇంకొకటి... ఇనప తాళంచెవి చాలాసేపు పట్టుకున్నాక అరచేతికి అంటుకునే వాసన లాంటిది.

"ఈ గది కొన్నాళ్లుగా మూసి ఉంది" అంది డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడి. "నేను కొత్తగా చేరాను. నాకు ముందున్న డాక్టరుగారు ఇక్కడే కూర్చునేవారు."

"ఆయన మానేశారా మేడం?" అన్నాడు బావ.

"పైన పేషెంటు ఉన్నారు. అవసరమైతే పిలవండి" అని మెట్లెక్కేసింది. అడిగినదానికి జవాబు రాలేదని మాకు కాసేపటికి గానీ తట్టలేదు.

కంప్యూటరు లావుపాటి పుస్తకమంత నల్ల డబ్బా. వెనక తెరలకు వైరు పెట్టుకునే సాకెట్లు రెండే రెండు. బల్ల వెనక గోడకు, నిలబడితే తల ఎత్తున, నాలుగు బోల్టు రంధ్రాలు చతురస్రంగా ఉన్నాయి. అక్కడ ఎప్పుడో ఏదో బిగించి తీసేశారు. చుట్టూ రంగు మాత్రం కొత్తగా, దట్టంగా ఉంది.

రెండు మానిటర్లూ స్టాండ్ల మీద నిలబెట్టి, వైర్లు పెట్టి, స్విచ్ వేశాం. రెండూ వెలిగాయి. గదంతా నీలంగా అయింది.

"ఇప్పుడు ఏది ఒకటో, ఏది రెండో దానికి చెప్పాలి. లేకపోతే మౌసు కుడికి తోస్తే ఎడంపక్కన తేలుతుంది, మీ అక్కతో నా సంసారంలా" అన్నాడు బావ సెట్టింగ్స్ తెరుస్తూ.

నవ్వాను. ఆయన నవ్వలేదు. తెరలను పెట్టెలుగా చూపించే బొమ్మలో మూడు పెట్టెలున్నాయి. ఒకటి, రెండు పక్కపక్కన. వాటి పైన, మధ్యలో... మూడు.

"మూడోది ఎక్కడుంది బావా?"

"ఎక్కడా లేదు. పాతదాన్ని గుర్తుపెట్టుకుందేమో" అన్నాడు. వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. మూడో పెట్టె కదల్లేదు. మౌసు పైకి తోశాడు. బాణం గుర్తు తెర పై అంచు దాటి వెళ్లిపోయింది. గోడలోకి వెళ్లినట్టు.

"ఐడెంటిఫై నొక్కుతాను. ఏ తెర నంబరు ఆ తెర మీద పడుతుంది" అన్నాడు.

నొక్కాడు. ఎడమ తెర మీద ఒకటి. కుడి తెర మీద రెండు.

గోడకున్న నాలుగు రంధ్రాల్లోంచి సన్నగా నీలం వెలుతురు బయటికొచ్చింది.

ఆ గోడ వెనక మట్టి తప్ప ఇంకేం ఉండడానికి లేదు. ఏసీ చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియదు.

"పద బావా, పైకి పోదాం" అన్నాను మెల్లగా.

"ఉండరా..." బావ బల్ల మీదికి మోకాళ్లతో ఎక్కాడు. రెండు మానిటర్ల మధ్యలోంచి వంగి, ఒక రంధ్రానికి కన్ను ఆనించాడు.

"ఏముంది?"

"గది... ఇలాంటిదే." గుసగుసగా చెప్తున్నాడు. "ఎవరో కూర్చున్నాడు. వీపు కనిపిస్తోంది. తెర చూస్తున్నాడు... వెనకాల ఇంకొకడు నిలబడ్డాడు. వాడి చెయ్యి కూర్చున్నాయన తల మీద..."

ఆగిపోయాడు.

"నిలబడ్డవాడు ఇటు తిరుగుతున్నాడు."

తర్వాత జరిగింది నా కళ్లతో చూశాను కాబట్టి చెప్తున్నాను. బావ తల వెనక్కి రాలేదు. గోడే లాక్కున్నట్టు ముందుకి కొట్టుకుంది. ఒకసారి. మళ్లీ. మళ్లీ. పచ్చి కొబ్బరికాయ పగిలిన చప్పుడు. నడుం పట్టుకుని లాగాను. గోడ ఆయన్ని ఒక్కసారిగా వదిలేసింది. ఇద్దరం కింద పడ్డాం. నా ముఖం మీద వెచ్చగా ఏదో చిమ్మింది.

బావ ముందు లేచాడు. ఎడమకన్ను ఉండాల్సిన చోట ఎర్రటి గుంట. రెండోది రెప్ప వెయ్యడం లేదు. చేతిలో పొడవాటి స్క్రూడ్రైవర్.

"బావా..."

జుట్టు పట్టుకుని లేపాడు. నన్ను ఎత్తి ఎరగని మనిషి, గుడ్డబొమ్మలా ఎత్తాడు. నా ముఖాన్ని మానిటరుకేసి నొక్కాడు.

"సరిగ్గా చూడు" అన్నాడు. గొంతు ఆయనది కాదు. అరవడం లేదు, బతిమాలుతున్నట్టుంది. "సరిగ్గా చూడలేదు నువ్వు. మళ్లీ చూడు."

మళ్లీ నొక్కాడు. ముక్కు ఎముక విరిగింది. తెర మీద పగులు పాకింది. కాలితో తడిమి, కింద ఉన్న స్విచ్‌బోర్డును తన్నాను. కంప్యూటరు లైటు ఆరింది. తెరలు ఆరలేదు.

పగులు వెనక, కంటికి ఆనుకుని, మూడో నంబరు పెట్టె కనబడుతోంది. దాన్ని తీసెయ్యాలి. ఆ ఒక్క సంగతి బుర్రలో మిగిలింది. కుడిచేత్తో మౌసు అందుకున్నాను. పెట్టె మీద నొక్కాను. 'ఈ తెరను తొలగించు.' నొక్కాను.

'మార్పును ఉంచాలా?' అని అడిగింది. ఉంచమని చెప్పకపోతే పదిహేను క్షణాల్లో మళ్లీ పాతట్టే అయిపోతుంది. అంకెలు దిగుతున్నాయి. పద్నాలుగు... పదమూడు...

స్క్రూడ్రైవరు నా అరచేతిలోంచి బల్లలోకి దిగింది.

నా అరుపు నాకే వినబడలేదు. అంకెలు అయిపోయాయి. మూడో పెట్టె తిరిగొచ్చింది. "చూడు" అంటున్నాడు. నెత్తురు నా మెడ మీదికి కారుతోంది, నాది కాదు. "చూడు... చూడు..."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ.

చెయ్యి నా జుట్టు వదిలింది. బావ స్క్రూడ్రైవరు పీకేసుకుని ఆమెవైపు తిరిగాడు.

"నువ్వు కూడా చూడలేదు" అన్నాడు.

ఆమె వెనక్కి అడుగు వెయ్యబోయి మెట్టు తగిలి పడింది. ఆయన వంగి గొంతు పట్టుకున్నాడు. నేను ఎడమచేత్తో మౌసు లాక్కున్నాను. నెత్తుటితో జారిపోతోంది. పెట్టె. తొలగించు. ఉంచాలా... స్క్రూడ్రైవరు ఆమె కంటి మీదికి లేచింది. బాణం గుర్తు గోడలోకి, పైకి పోవాలని గుంజుతోంది. బలమంతా పెట్టి కిందికి లాగాను.

'ఉంచు.'

తెరలు ఆరిపోయాయి. చీకట్లో ఏదో కూలిన చప్పుడు. తర్వాత బావ గొంతు, ఆయన సొంత గొంతు, చిన్నపిల్లాడిలా, "ఒరేయ్... నాకేం కనబడట్లేదురా" అంది.

అంబులెన్సులో డాక్టరమ్మ తన మెడ పట్టుకుని చెప్పింది. ముందున్న డాక్టరుగారు ఒక పేషెంటు ఎక్స్‌రేలో, ఊపిరితిత్తుల్లోని మచ్చను చూడలేకపోయాడు. ఆవిడ చనిపోయింది. ఆవిడ భర్త ఆ ఫిల్మ్ తీసుకుని నేరుగా ఈ గదిలోకి దిగాడు. గోడకున్న తెరకేసి డాక్టరు ముఖాన్ని, సరిగ్గా చూడమంటూ, కొట్టి కొట్టి చంపాడు. తర్వాత ఆ తెర వైరుతోనే అక్కడే ఉరేసుకున్నాడు. "నాకు తెలుసు. చెబితే మీరు రారనుకున్నాను" అంది.

ఆసుపత్రిలో బావను ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. కన్ను పోయింది గానీ ప్రాణం దక్కింది. ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదు. మా అక్క ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఎప్పుడూ ఎవరో ఒకరితో మాట్లాడే మనిషి, ఊరికే పైకి చూస్తూ పడుకున్నాడు.

నన్ను చేతికి ఎక్స్‌రే తీయడానికి పంపారు. గదిలో నన్నొక్కణ్నే కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, ఎక్స్‌రే టెక్నీషియన్ తలుపేసుకుని అవతలికి వెళ్లాడు. కాసేపటికి చిరాగ్గా వచ్చాడు.

"లోపలికి ఎవర్నీ రానివ్వద్దన్నాను కదా. ఎవరు వచ్చారు?"

"ఎవరూ రాలేదండీ."

ఫిల్మ్ వెలుతురుకు ఎత్తి చూపించాడు. నా అయిదు వేళ్ల ఎముకలు, అరచేతి మధ్యలో పొడిచిన చోటు. వాటి సందుల్లోంచి, వెనకనుంచి గట్టిగా పట్టుకుని, ఇంకో అయిదు వేళ్లు.