ఎడమ వైపు పాట

ఆదివారం ఆరాధన ముగించుకుని నల్లపాడులో ఇంటికి నడిచి వస్తున్నారు భార్యాభర్తలు. ప్రేమదాసు రోడ్డు దాటి పక్క మారగానే, దేవకుమారి వెనక నుంచి చుట్టూ తిరిగి మళ్లీ ఆయన ఎడమ పక్కకే చేరింది. ఏం చాదస్తమో అనుకున్నాడాయన.

ప్రేమదాసు హైస్కూల్లో సైన్సు మాస్టారు. కూతురు క్రిస్టీనా గౌస్ బాషాను పెళ్లి చేసుకుని ఒంగోలు వెళ్లిపోయిన రోజున, ముందే తెలిసీ దాచావంటూ భార్యను చెంప మీద లాగి కొట్టాడు. కూతురి పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు. అప్పట్నుంచీ పిలిస్తే ఆమె ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. పంతం పట్టిందనుకున్నాడు. ఆ పంతం దించడానికే సెలవులన్నీ కూర్చుని, హెడ్‌ఫోన్లో పాటలు వినే ఆంప్లిఫయర్ సొంతంగా తయారుచేశాడు. తప్పయిందని చెప్పడం కంటే సోల్డరింగ్ చేయడమే ఆయనకు తేలిక.

"ఇలా కూర్చో. క్రిస్మస్ పాటల క్యాసెట్టు. అది కూడా పాడింది కదా" అన్నాడు.

ఇన్నాళ్లకు కూతురి ఊసు ఆయన నోట వచ్చింది. చర్చిలో రెండు మైకులు పెట్టి ఆయనే రికార్డు చేసిన క్యాసెట్టు అది. ఎడమ వైపు క్రిస్టీనా పాట, కుడి వైపు హార్మోనియం.

దేవకుమారి ఆశగా తలకు తగిలించుకుంది. కాసేపటికి ముఖం వాడిపోయింది.

"హార్మోనియమే వస్తోందండీ. అమ్మాయి గొంతు లేదు."

"ఎందుకుండదు? పొద్దున నేను విన్నాగా!"

పెట్టె విప్పాడు. వైర్లన్నీ మళ్లీ అతికించాడు. జాక్ మార్చాడు. అయినా ఆమె తల అడ్డంగానే ఊపింది.

"మీటరు పెడితే రెండు వైపులా బ్రహ్మాండంగా ఉంది! నేనేం చేసినా వంక పెట్టాలనే కదూ నీకు?"

"వంక పెట్టి నేనేం బావుకుంటాను? దాని గొంతు విని ఎన్నాళ్లయింది!"

ఆయన విసురుగా హెడ్‌ఫోన్ లాగి, కుడి ఎడమలు తిరగేసి ఆమె తలకు పెట్టాడు. దేవకుమారి ఉలిక్కిపడింది. కళ్లు నిండిపోయాయి.

"వచ్చిందండీ! మన క్రిస్టీనాయే!"

"చూశావా, ఎడమ వైపు లైను బాగానే ఉందన్నానా?"

"ఇప్పుడు హార్మోనియం పోయింది" అందామె కళ్లు తుడుచుకుంటూ.

ప్రేమదాసు చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఎలా పెట్టినా ఆమె ఎడమ చెవికే వినపడటం లేదు. తన కుడి అరచేతిని చూసుకున్నాడు. ఎడమ పక్కన నడిచేది కుడి చెవి తన వైపు ఉండాలని. పిలిస్తే పలకనిది పంతంతో కాదు.

"నాతో చెప్పలేదేం దేవా?"

"చెబితే పోయిన చెవి తిరిగొస్తుందా? ఒక్కదాన్నే ఆస్పత్రికి వెళ్లొచ్చాను. ఇక వినపడదన్నారు."

ఆయన నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. దేవకుమారి ఓదార్చలేదు. పాట అయ్యేదాకా విని, హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

ఆయన లేచి ఫోను దగ్గరకు వెళ్లాడు. కూతురి నంబరు ఆయనకు తెలియదు. ఆమె చెప్పింది.

"చెవి సంగతి మాత్రం దానితో అనకండి. జన్మలో మిమ్మల్ని క్షమించదు."

అవతల నుంచి "హలో" అని వినిపించింది.

"నాన్ననమ్మా. ఫోను పెట్టేయకు" అన్నాడు ప్రేమదాసు. "మీ అమ్మ చెవి పోగొట్టాను తల్లీ, ఈ చేత్తోనే."