జువ్వి లాకుల దగ్గర ఆగిన ల్యాండ్‌మాస్టర్

బందరు కాలవ గట్టు మీద, పటమట నుంచి పోతుంటే కంకిపాడు ఇంకా రాకముందే, జువ్వి లాకుల మలుపని ఒకటుండేది. పొద్దుగూకాక అక్కడ బండి ఆపకూడదు. ఆపితే ఇక కదలదు... చుట్టుపక్కల ఎవర్నడిగినా ఇదే మాట.

కాలవలో కారు హారను మోగుతుందనేవాళ్ళు. ఒక్కసారే — దీర్ఘంగా — నీళ్ళ అడుగు నుంచి. లారీ డ్రైవర్లు ఆ మలుపులో మాటలు ఆపేసి పోయేవాళ్ళు. రిక్షావాళ్ళయితే చీకటి పడ్డాక ఎంతిస్తామన్నా అటు వచ్చేవాళ్ళు కాదు.

మలుపుకు ఆ చెడ్డపేరు రావడానికి కారణం పుల్లయ్య. అక్కడికి దగ్గర్లోనే ఒక బియ్యం మిల్లులో యజమాని కారు నడిపేవాడు. డెబ్భై రెండులో, వానాకాలం, ఒక సాయంత్రం కారుతో సహా కాలవలోకి పోయాడు. మర్నాడు లారీకి తాళ్ళు కట్టి కారును గట్టు మీదికి లాగితే లోపల శవం. తాగి నడిపాడన్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు. అలా చచ్చినవాడు ఊరికే పోతాడా, అక్కడే తిరుగుతున్నాడు అన్నారు జనం.

ఇశ్రాయేలు మాస్టారికి ఈ కబుర్లంటే నవ్వు.

అతను పటమటలో ఉండేవాడు, హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. దెయ్యాల మీద నమ్మకం లేదు గానీ అతనికో పిచ్చి ఉంది — పాత కార్లు. ఎక్కడో గొడ్లసావిట్లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న కారును చవగ్గా కొనేవాడు. ఎడ్లబండి వెనక కట్టి ఇంటికి లాక్కొచ్చేవాడు. పెరట్లో తాటాకు పాక కింద నిలబెట్టి, ఆదివారం చర్చి నుంచి రావడం ఆలస్యం, చొక్కా విప్పి దాని కిందికి దూరేవాడు. నెలల తరబడి విప్పడం, తోమడం, ఆటోనగరంతా తిరిగి సామాన్లు వెతకడం. చివరికొక రోజు ఇంజను దగ్గి, తుమ్మి, పొగ చిమ్మి పలికేది. ఆ రోజు వాళ్ళింట్లో పండగ. కొన్నాళ్ళు ఊరంతా తిప్పి, సరదా తీరాక దాన్ని ఇచ్చేసి ఇంకోటి వెతుక్కునేవాడు.

"చచ్చినవాటిని లేపడానికి ఉన్న ఓపిక బతికున్నవాళ్ళ మీద ఉండదు ఈయనకి," అని సణిగేది భార్య అమలమ్మ. సణుగుతూనే మసి చేతులకు కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఇచ్చేది.

ఈ పిచ్చిలో అతనికి తోడు వెంకటప్పయ్య. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. వెంకటప్పయ్య పుల్లయ్య పనిచేసిన ఆ మిల్లులోనే గుమాస్తా. ధాన్యం పని మీద ఊళ్ళు తిరుగుతాడు గనక ఏ ఊళ్ళో ఏ కారు మూలపడి ఉందో కబురు మోసుకొచ్చేవాడు. ఇశ్రాయేలు కారు కింద పడుకుని చెయ్యి చాపితే, అడక్కుండానే కావలసిన పానా ఆ చేతిలో పడేది. అంత స్నేహం. అమలమ్మ సొంత తమ్ముడికి పెట్టినట్టు అతనికి అన్నం పెట్టేది.

అలాంటి వెంకటప్పయ్య ఒక్క కారు సంగతి మాత్రం చెప్పలేదు.

"మీ మిల్లులో ఊక గుట్ట వెనక ల్యాండ్‌మాస్టర్ కారు పడి ఉందటగా. మూడేళ్ళ నుంచీ," అన్నాడు ఇశ్రాయేలు ఒకనాడు. "ఎవరో బయటివాడు చెబితే తెలిసింది. నువ్వు చెప్పలేదేంరా?"

వెంకటప్పయ్య పానా తుడుస్తున్నాడు. తలెత్తలేదు. "అది మనిషిని తిన్న బండిరా. వద్దు."

"బండి తినలేదు. తాగుడు తింది."

వెంకటప్పయ్య పానా పెట్టెలో పడేసి లేచాడు.

యజమాని, వదిలితే చాలన్నట్టు, పాత ఇనుము ధరకే ఇచ్చేశాడు. తలుపు తీస్తే సీట్ల కింద గట్టిపడిన ఒండ్రు, అందులో ఎండిపోయిన గుర్రపుడెక్క వేళ్ళు. ఇంజను బిగుసుకుపోయి ఉంది. ఇశ్రాయేలు అందులో నూనె పోసి నానబెట్టాడు, గీకాడు, కడిగాడు, మళ్ళీ పోశాడు. డెబ్భై అయిదు వేసవి సెలవులన్నీ దానికే పోయాయి.

వెంకటప్పయ్య వచ్చేవాడు. అయితే ఎండ ఉండగానే వచ్చి ఎండ ఉండగానే వెళ్ళిపోయేవాడు. కారు చుట్టూ పనిచేసేవాడు గానీ లోపల కూర్చునేవాడు కాదు. అద్దాలన్నీ తళతళలాడేలా తుడిచి, ముందు ఎడమవైపు తలుపు అద్దం ఒక్కటీ వదిలేసేవాడు. మర్చిపోయాడనుకుని ఇశ్రాయేలే అది తుడుచుకునేవాడు.

బడులు తెరిచే ముందు ఇంజను పలికింది.

ఆ మధ్యాహ్నం అమలమ్మ కారును కుంకుడు నీళ్ళతో కడిగి, "ఉయ్యూరు దాకా వెళ్ళి రండి. నువ్వూ ఎక్కవయ్యా, నీకేం భయం?" అంది వెంకటప్పయ్యతో. ఆడమనిషి ముందు కాదనలేకపోయాడు. ముందు సీట్లో, ఎడమవైపు, ఒళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు.

వెళ్ళేటప్పుడు కారు హాయిగా వెళ్ళింది. ఉయ్యూరులో టీ తాగారు. తిరుగు ప్రయాణంలో ఎదురుగా లారీ ఒకటి దిగబడి ఆలస్యమైంది. పొద్దు వాలిపోయింది.

"వేరే దారిన పోదాంరా," అన్నాడు వెంకటప్పయ్య.

"వేరే దారెక్కడుంది?"

జువ్వి లాకుల మలుపు దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. గాలి లేదు. కాలవ నల్లగా, కదులుతోందో లేదో తెలియకుండా ఉంది. దీపాల వెలుగులో మలుపు కనిపించింది...

కారు ఒకసారి ఉలిక్కిపడింది. దగ్గింది. ఆగిపోయింది.



"ఒండ్రు," అన్నాడు ఇశ్రాయేలు. "ట్యాంకులో ఎక్కడో మిగిలి, పైపుకు అడ్డుపడింది. ఊదితే పోతుంది." కిందికి దిగి బానెట్టు ఎత్తాడు. టార్చి నోట కరుచుకుని పెట్రోలు పైపు విప్పాడు. గట్టిగా ఊదితే ఇంత బురద ముద్ద ఊడి పడింది. నవ్వుకుంటూ పైపు బిగిస్తున్నాడు —

కాలవలోంచి హారను మోగింది.

దీర్ఘంగా... ఒక్కసారే. ఎంత సైన్సు మాస్టారైనా అతని వెన్ను జల్లుమంది. కారు లోపల వెంకటప్పయ్య సీట్లో కిందికి జారిపోయాడు.

"చూసొస్తాను. కదలకు," అన్నాడు ఇశ్రాయేలు. ధైర్యం తెచ్చుకుని గట్టు దిగాడు. రెల్లు గడ్డి పక్కకు నెట్టి టార్చి వేస్తే — పడవ. పుల్లల మోపుల పడవ, లాకు తలుపుల ముందు ఆగి ఉంది. పడవవాడు కొమ్ముబూర చంకలో పెట్టుకుని చుట్ట వెలిగించుకుంటున్నాడు.

"ఏందండీ?" అన్నాడు వాడు.

"ఏం లేదు. ఆ ఊదింది నువ్వేనా?"

"లాకులోడు నిద్రపోతాడండి. ఊదకపోతే తలుపు తియ్యడు."

ఇన్నేళ్ళ దెయ్యం ఇదన్నమాట. ఇశ్రాయేలుకు పెద్దగా నవ్వొచ్చింది. వెంకటప్పయ్యకు చెప్పి నవ్వించాలని గబగబా గట్టెక్కాడు.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు.

టక్... టక్ టక్... టక్...

కారులోంచే. దగ్గరికి వెళ్ళాడు. ఎడమవైపు అద్దానికి వెంకటప్పయ్య ముఖం అంటుకుని ఉంది. రెండు చేతులతోనూ అద్దాన్ని కొడుతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది గానీ గొంతు రావడం లేదు. ఊపిరాడనివాడిలా గింజుకుంటున్నాడు.

ఇశ్రాయేలు తలుపు లాగాడు. అలవోకగా వచ్చేసింది. తాళం పడలేదు. లోపలి పిడి కూడా బాగానే ఉంది, పొద్దున నూనె వేసింది తనే.

వెంకటప్పయ్య గట్టు మీద పడ్డాడు. దగ్గాడు. దగ్గుతోంటే నోట్లోంచి నీళ్ళు వచ్చాయి... టీ కాదు, ఉమ్మి కాదు. నీళ్ళు.

"తెరుచుకోలేదురా," అన్నాడు గుసగుసగా. "ఎంత కొట్టినా తెరుచుకోలేదు. ఇలాగే... ఇలాగే కొట్టాడు."

"ఎవరు?"

వెంకటప్పయ్య ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుస్తూనే చెప్పాడు.

ఆ రోజు కారు నడిపింది పుల్లయ్య కాదు. వెంకటప్పయ్య. యజమాని ఊళ్ళో లేడు, నాకు కాస్త నేర్పవయ్యా అని పుల్లయ్యను బతిమాలి తీసుకొచ్చాడు. మలుపులో చెయ్యి బయట పెట్టి సైగ చెయ్యమన్నాడు పుల్లయ్య. చెయ్యి బయట పెట్టేసరికి చక్రం తప్పింది. తన వైపు అద్దం దించి ఉంది గనక ఎలాగో పాకి బయట పడ్డాడు. పుల్లయ్య వైపు అద్దం వానకు ఎక్కించి ఉంది. కాలు ఎక్కడో ఇరుక్కుంది. కారు వెంటనే పూర్తిగా మునగలేదు. ఆ అద్దం అప్పటికింకా నీళ్ళ పైనే ఉంది.

"గట్టు మీద రాయి తీసుకున్నాన్రా. అద్దం పగలగొడదామనే తీసుకున్నా. ఇంతలో ఎవరో వస్తున్నట్టనిపించింది. లైసెన్సు లేదు, యజమాని కారు... ఉద్యోగం పోతుందని... రాయి పడేశాను."

"ఆ తర్వాత?"

"పరిగెత్తాను. చాలా దూరం వినిపించింది."

ఆ సాయంత్రం ఇశ్రాయేలుకు గుర్తుంది. వెంకటప్పయ్య వానలో నిలువునా తడిసి తన గుమ్మంలోకి వచ్చాడు. తనే పొడి పంచె ఇచ్చాడు. అమలమ్మ మిరియాల చారు పెట్టింది. తర్వాత కారులో ఇంకెవరో ఉన్నారని పుకారు పుడితే పోలీసు ఒకడు పటమట వచ్చి అడిగాడు. ఆ సాయంత్రం వెంకటప్పయ్య మా ఇంట్లోనే ఉన్నాడని చెప్పింది తనే. మాస్టారి మాట గనక అంతటితో ఆగిపోయింది.

"పుల్లయ్య తాగాడని ఎవరు చెప్పారురా?"

"నేనే."

ఇశ్రాయేలు అతన్ని లేపి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. కారు మొదటి ప్రయత్నానికే కదిలింది. పటమటలో దిగేటప్పుడు వెంకటప్పయ్యే అన్నాడు — "రేపు పుల్లయ్య భార్య దగ్గరికి వెళ్దాంరా. నేనే చెబుతాను. కాళ్ళు పట్టుకుంటాను."

మర్నాడు ఇశ్రాయేలు బస్సులో మిల్లుకు వెళ్ళాడు. యజమాని ముందు, నలుగురు పనివాళ్ళ ముందు, వెంకటప్పయ్య తలదువ్వుకుని, విభూతి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"పదరా, వెళ్దాం."

"ఎక్కడికండీ మాస్టారూ?"

ముప్ఫయ్యేళ్ళలో వాడు తనను అండీ అనడం అదే మొదలు. ఇశ్రాయేలు వాడి ముఖంలోకి చూశాడు. వాడూ చూశాడు — కొత్త మనిషిని చూసినట్టు.

"రాత్రి నువ్వు చెప్పింది..."

"నేనేం చెప్పానండీ? ఆ మలుపులో నాకు స్పృహ పోయింది. ఒంటి మీదికి ఎవడొచ్చాడో, నా నోటితో ఏం పలికాడో నాకేం తెలుసు?"

యజమాని పెదవి విరిచాడు. "తాగుబోతు దెయ్యమైనా అబద్ధాలే చెబుతాడు మాస్టారూ. మీరు చదువుకున్నవారు, ఇవి పట్టించుకుంటారా?"

పనివాళ్ళు భయంగా వెంకటప్పయ్య వైపు చూశారు. ఒకడు వాడికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

పోలీసు స్టేషన్లోనూ అంతే. తన పాత మాట తప్పని ఇశ్రాయేలు చెబితే, దెయ్యం వాఙ్మూలానికి కేసు తెరవాలా అని నవ్వి పంపేశారు. తను చెప్పిన మాట నిలిచిపోయింది, వెనక్కి తీసుకుంటానంటే తీసుకునేవాళ్ళు లేరు.

సాయంత్రం ఒక్కడే కంకిపాడు చివర పుల్లయ్య భార్య రావమ్మ ఇంటికి నడిచాడు. మట్టిగోడల తాటాకిల్లు. పుల్లయ్య పోయాక ఆమె కూలికి వెళుతోంది. తాగుబోతు పెళ్ళామని చర్చిలో కూడా వెనక వరసలో కూర్చుంటుందట.

"కూర్చోండి మాస్టారూ," అని చాప వేసింది.

అతను చెప్పాడు. ఎవరు నడిపారో, ఎవరు పారిపోయారో, ఎవరు తాగాడన్నారో, తెలియక తను ఏం సాక్ష్యం చెప్పాడో. పుల్లయ్య అద్దం కొట్టిన సంగతి ఒక్కటీ చెప్పలేకపోయాడు. రావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"ఆయన సీసా ముట్టడని నాకు తెలుసండి," అంది చివరికి. కొంగు దించి, "ఒక్కటి చెప్పండి. ఆయన... ఎంతసేపు బతికున్నాడు?"

ఇశ్రాయేలు తల దించుకున్నాడు. "పడగానే అయిపోయిందమ్మా. ఏమీ తెలియలేదు."

బయట చీకటి పడుతోంది. రావమ్మ లేచి బుడ్డిదీపం వెలిగించి గూట్లో పెట్టింది.

"మరయితే రోజూ ఈ వేళకి అదేం చప్పుడండి?" అంది నెమ్మదిగా. "తలుపు మీద కాదు. అద్దం మీద చేతుల్తో కొట్టినట్టు... చానాసేపు కొడతాడు. మా ఇంట్లో అద్దం ఎక్కడుందండీ మాస్టారూ?"

ఇశ్రాయేలు చుట్టూ చూశాడు. మట్టిగోడలు, తాటాకు తడిక, పైన తాటాకు.

"ఇదిగో," అంది రావమ్మ, వేలెత్తి. "వినండి."