తోక తెగిన నలికిరి

సునంద నలికిరుల మేతకు చెదలపుట్ట మట్టిని జల్లెడ పడుతోంది. చెదలు కింది పళ్లెంలోకి రాలుతున్నాయి. ఎండగదిలో అద్దం వెనక నలికిరులు రాతిపలకకు పొట్టలు ఆనించి పడుకున్నాయి. ఒకటి మాత్రం పలక ఎక్కలేదు. మొన్ననే దాని తోక తెగింది.

దక్షిణ అమెరికా గడ్డిమైదానాలు కాలిపోయాక అక్కడి నలికిరులను కాపాడే కేంద్రం వాటిని ఇక్కడి మెట్ట ఊళ్లకు పంచింది. రాగిరంగు వీపు, పక్కన నల్లచార, ఒంటికి నూనె రాసినట్టు మెరుపు. అనంతపురం ఎండ వాటికి సరిపడింది. నలికిరికాపు, అంటే వాటిని సాకే పని, ఉన్న ఇంటికే కేంద్రం నీళ్ల కుళాయి వదులుతుంది.

తోక తెంపింది సునంద అత్త హంపమ్మ. గది ఊడుస్తుంటే అది తలుపు సందులోంచి ఉరికింది. ఇంట్లో దూరిన నలికిరిని చీపురుతో తోసేసే అలవాటు ఆమెది. ఆలోచించకుండా అదిమింది. తోక నేలమీదే కొట్టుకుంటూ ఉండిపోయింది. ఒంట్లో కొవ్వు చాలావరకు దాచుకునేది ఆ తోకలోనే.

అప్పటినుంచి తూకం తగ్గుతోంది. కడుపు లోపలి బొమ్మను తెరమీద చూసి, ఖాళీ అని కేంద్రం తేల్చింది. ఈ జాతి గుడ్లు పెట్టదు. ఆవగింజకన్నా చిన్న గుడ్డును కడుపులోనే ఉంచుకుని, ఏడాది దగ్గర దగ్గర తన ఒంట్లోంచే పోషించి, పిల్లల్ని కంటుంది. మొదటి నెలల్లో తెరకు ఏమీ చిక్కదు. ఇది చూలుతో ఉందో లేదో సునందకూ తెలియదు. తోక పోకముందు, మిగతావి నీడకు పోయినా ఇది ఎండలోనే ఉండిపోయేది. కడుపుతో ఉన్నవే అలా ఎండ కాగుతాయి. ఆమె చూసింది అంతే.

రెండు నెలలు ఆగమని కేంద్రాన్ని అడిగింది. కుదరదంది. తోకలేనిదాన్ని చల్లగూటికి పంపాలి. అక్కడ జంతువు నిద్రపోతుంది, కడుపులో ఏదన్నా ఉంటే నిలవదు. పంపకుంటే కాపు పోతుంది, కుళాయి కట్టేస్తారు.

"పంపేస్తాను అత్తా. బిందె పట్టుకుని ఊళ్లమ్మట తిరిగే ఓపిక నాకు లేదు."

"పంపెయ్. దానికి పురుడు పోయను నువ్వేం మంత్రసానివా?" అంది హంపమ్మ. తర్వాత ఎవరితోనో అన్నట్టు, "చీపురు నాది," అంది.

సునంద మళ్లీ జల్లెడ అందుకుంది.

చల్లగూటికి తీసుకుపోయే మంచుబండి వాకిట్లో ఆగింది. జంతువును తూనికపలక మీద పెట్టమంది గోడలోంచి కేంద్రం గొంతు. సునంద పళ్లెం పట్టుకునే లేచి, ఎండగది తలుపు తీసింది. తోకలేనిది లేదు.

పెరటి గడపలో హంపమ్మ నిలబడి ఉంది. చేతిలో మజ్జిగ ముంత, దాని మూతికి తడిగుడ్డ. లోపల గోళ్లు గీరుతున్న చప్పుడు.

"కుళాయి కట్టేస్తారత్తా," అంది సునంద మెల్లగా.

ముసలామె ముంతను ఒంటికి ఆనించుకుంది.

"తూకం సున్నా. మళ్లీ పెట్టండి," అంది గోడ.

సునంద పలక వైపు చూసింది. తర్వాత గుడ్డ ఒక పక్కకు ఎత్తి, పళ్లెంలోని చెదలన్నీ ముంతలోకి ఒంపింది.

"తూకం సున్నా. మళ్లీ పెట్టండి."

హంపమ్మ ముంత మీద గుడ్డ సర్దింది. ముంతను కొంగు చాటుకు తీసుకుని, గడప దాటి, పెరటి వెనకున్న గుట్ట వైపు వెళ్లిపోయింది.