అడగకుండా తీసుకున్న ప్రాణం

ఆదివారం మధ్యాహ్నం. వాన. వదిన తడిసిన గొడుగు గుమ్మానికి ఆనించి, చంకలోని అట్టపెట్టె నా మంచం మీద పెట్టింది. అందులో మా చిన్ననాటి గేమ్ డబ్బా, పసుపురంగు క్యాసెట్టు, రెండు రిమోట్లు.

"మీ అన్న అలమరాలో దొరికాయి. నీకే పనికొస్తాయి, లీడరూ."

ఆమె వచ్చింది ఇందుకు కాదని నాకు తెలుసు. పాత బాయిలర్ మార్చేదాకా ఫ్యాక్టరీలో అడుగుపెట్టబోమని మూడొందల మందిమి ప్రమాణం చేశాం. తొమ్మిదో రోజు పొద్దున అన్న ఒక్కడే గేటు దాటాడు. మధ్యాహ్నం నేను గేటు పక్క గోడ మీద అన్న పేరు రాసి, దాని కింద 'ద్రోహి' అని రాశాను. సాయంత్రం ఆ బాయిలరే పేలింది. అన్న పోయాడు. చచ్చినంత మాత్రాన ద్రోహి అమరుడైపోడు. నేను చెరపలేదు.

"రోజూ ఆ గోడ పక్కనుంచే డ్యూటీకి పోవాలి నేను. చెరిపెయ్యవయ్యా."

"రాసింది నేను కాదు వదినా, చరిత్ర."

"చరిత్రకి రంగుడబ్బా కొనిచ్చింది మీ అన్నేగా!"

ఇంటి ఓనరు పారేయబోతే తెచ్చుకున్న బొజ్జ టీవీకి వైర్లు తగిలించాను. ఈ ఆట ఇప్పుడు ఫోన్లోనూ దొరుకుతుంది. కానీ ఫోన్లో పక్కన కూర్చునే మనిషికి చోటుండదు. క్యాసెట్టు అడుగున గట్టిగా ఊది, డబ్బాలో దిగ్గొట్టాను. కాలిన దుమ్ము వాసన. తర్వాత ఆ పాత పాట.

అడవిలో ఇద్దరు సైనికులు. ఎర్రవాడు నేను. ఆ రంగు కోసం ఏడిస్తే అన్న వదిలేసి నీలంవాణ్ణి తీసుకున్నాడు. తలా మూడు ప్రాణాలు. అయిపోయినవాడు రెండు బటన్లూ కలిపి నొక్కితే పక్కవాడి ప్రాణం ఒకటి వాడికొస్తుంది. నేను అడక్కుండా లాక్కునేవాణ్ణి. అన్న మాత్రం ప్రతిసారీ అడిగేవాడు: "ఒకటి తీసుకోనారా?" వద్దంటే చేతులు కట్టుకుని నా ఆట చూస్తూ కూర్చునేవాడు.

రెండో రిమోట్ వైరు ఎలకలు కొరికేశాయి. దాన్ని చాప మీద పడేసి, ఒక్కడి ఆటే నొక్కాను.

తెర మీద ఇద్దరు వచ్చారు.

నీలంవాడు కదల్లేదు. తూటాలు తగిలి మూడుసార్లూ నిలబడ్డచోటే పడిపోయాడు.

"ద్రోహులకి అంతే," అన్నాను. వదిన తల తిప్పుకుంది.

ముందుకు పరిగెత్తాను. నాకొక్క దెబ్బా తగల్లేదు. అయినా మూలనున్న అంకె మూడు నుంచి రెండుకి దిగింది. నా వెనక... నీలంవాడు. నిలబడి ఉన్నాడు. నేను చూస్తుండగానే నడుచుకుంటూ పోయి మంటలో దిగాడు.

గదిలో ఉడుకు ఆవిరి వాసన. తడి ఇనుము వాసన.

టక్.

రెండు ఒకటైంది. నీలంవాడు మళ్ళీ లేచాడు. చాప మీది రిమోట్‌కేసి చూశాను. దాని బటన్లు రెండూ లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి.

"ఈసారి అడగడం లేదేం?" వదిన గొణిగింది. ఆమె కూడా అటే చూస్తోంది. "ఆ రోజు కూడా అడగలేదు. ఫ్యాక్టరీవాళ్ళు నీ మీద కేసు పెట్టారుగా... మీ అన్న ఒక్క షిఫ్టు చేస్తే చింపేస్తామన్నారు. అందుకే లోపలికెళ్ళాడు."

ఆ కేసు ఎందుకు ఆగిపోయిందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఉద్యమానికి భయపడ్డారని సభల్లో చెప్పాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టేయించుకున్నాడు. తెలిస్తే వాడు తలెత్తి నినాదం ఇవ్వలేడే, అన్నాడు."

ఇద్దరూ కలిసి నన్ను మోసం చేశారు. నా కోసం. నన్ను అడక్కుండా.

నీలంవాడు మళ్ళీ మంటలో దిగాడు.

"అన్నా... ఒక్కటే ఉంది. చెరిపేస్తాను. ఇప్పుడే పోయి చెరిపేస్తాను..."

టక్.

ఎర్రవాడు మాయమయ్యాడు. ఆ ఆటలో బొమ్మలన్నీ పక్కకే చూస్తాయి. నీలంవాడు మాత్రం మెల్లగా మావైపు తిరిగాడు.

ప్లగ్గు పీకేశాను. సంఘం ఆఫీసులోంచి సున్నం బకెట్టు, బ్రష్షు తీసుకుని వానలోనే గేటు దగ్గరికి పరిగెత్తాను. వెనకాలే వదిన.

గోడకి అప్పటికే ఎవరో సున్నం కొట్టేశారు. అన్న పేరు లేదు. కింద 'ద్రోహి' మాత్రం అలాగే ఉంది, నా దస్తూరీలో. పైన తెల్లగా ఖాళీ... సరిగ్గా ఒక్క పేరు పట్టేంత.

"ఇందాకే వచ్చి కొట్టావా?" వదిన గుసగుసగా అడిగింది.

"లేదు."

అంత వానలోనూ సున్నం కారడం లేదు. దాని మీద, పక్కపక్కనే, రెండు బొటనవేళ్ళ గుర్తులు... ఒకేసారి నొక్కినట్టు.