ఏడున్నరకు వినిపించిన పాట

1999 మార్చి 18. రాత్రి ఎనిమిది గంటల అయిదు నిమిషాలు.

మదనపల్లెలో కరెంటు వచ్చిన అయిదు నిమిషాలకు, మేడమీది రికార్డింగ్ గదిలో బ్లెస్సన్ శవం కనిపించింది. ఫ్యాను కొక్కేనికి తాడు. పక్కన హార్మోనియం. టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్‌లో అతని కొత్త పాట క్యాసెట్టు, ‘ఇంకొక్క మెట్టు’.

అతనిది పుంగనూరు. పోలియో కాలు. పట్టు విడవవద్దని తన కాలికే చెప్పుకుంటూ రాసి, బాణీ కట్టి, పాడిన పాట అది.

మరునాడు పదకొండు గంటలకు ఇన్‌స్పెక్టర్ దొరస్వామి మళ్లీ ఆ మేడ ఎక్కాడు. వెంట బ్లెస్సన్ భార్య విక్టోరియా, చర్చి సంఘం పెద్ద కృపానందం.

“ఉరేసుకున్నోడికి సమాధుల తోటలో చోటు లేదంటాండారు సార్,” అందామె. “పట్టు ఇడవద్దని పాడినోడు యాల ఇడుస్తాడు?”

కృపానందం తల దించుకున్నాడు. “కట్టుబాటమ్మా. నా చేతిలో ఏముండాది?”

దొరస్వామి స్టూడియో యజమాని కిషోర్ వైపు తిరిగాడు.

“నిన్న కిందికి ఎప్పుడు దిగావు?”

“ఏడుకు కరెంటు పాయ సార్. ఏడూ ఇరవై ఎనిమిదికి టీకి దిగినా.”

“అప్పటికి బ్లెస్సన్?”

“బాగనే ఉండాడు. ఏడున్నరకు గూడా పాడుతాండాడు. కింద సిద్దమ్మ టీ అంగడికాడ అందురూ విన్న్యారు. నేనూ ఆడనే ఉండా.”

టీ గ్లాసులు పట్టుకొచ్చిన సిద్దమ్మ అందుకుంది. “నిజమే నాయినా. మొదట్లో ఖంగుమనె. పోనుపోను గొంతు దిగిపాయ. ఆ హార్మోనీ పెట్టె గూడా నీరసంగా మూలిగె. యముడు పిలుస్తాంటే యట్ల పాడతాడు పాపం?”

దొరస్వామి పెన్ను ఆగింది.

యముడికి సంగీతజ్ఞానం ఉందో లేదో ఆయనకు తెలియదు. హార్మోనియం సంగతి మాత్రం తెలుసు.

బయటికి నడిచాడు. పిట్టగోడ మీద నాలుగు బ్యాటరీ సెల్స్ వరసగా ఎండుతున్నాయి.

“ఇవేమిటి?”

“అయిపోయిన సెల్స్ సార్. ఎండలో పెడితే ఇంకో పాటకు వస్తాయి. అందురూ చేసేదే గదా!”

“అందరూ చేసేదే.”

ఆయన టూ-ఇన్-వన్ ప్లగ్ పీకాడు. ఆ సెల్స్ వేశాడు. క్యాసెట్టు మొదటికి తిప్పి నొక్కాడు.

రెండు నిమిషాలు ఖాళీ టేపు. తరువాత బ్లెస్సన్.

“కుంటికాలా, ఇంకొక్క మెట్టే…”

రెండో చరణంలో గొంతు బరువెక్కింది. సాగింది. హార్మోనియమూ దానితోపాటే జారింది.

“ఇదే నాయినా! నేను విన్నింది ఇదే!” సిద్దమ్మ గ్లాసులు కింద పెట్టేసింది.

“దిగులుపడిన మనిషి గొంతు దిగవచ్చు,” అన్నాడు దొరస్వామి. “హార్మోనియం రీడ్లకు దిగులు లేదు. రెండూ కలిసి దిగితే, మందగించింది టేపు. కిషోర్, ఏడున్నరకు బ్లెస్సన్ బ్రతికి లేడు. చంపి, వేలాడదీసి, సెల్స్ మీద టేపు నొక్కి టీకి దిగావు. కరెంటు రాగానే అందరికంటే ముందు పైకెక్కి, సెల్స్ తీసి ప్లగ్ పెట్టావు. పారేసి ఉంటే నాకు దొరికేవి కావు. అలవాటుకొద్దీ ఎండబెట్టావు.”

జేబులోంచి క్యాసెట్టు అట్ట తీశాడు. కుప్పం ప్రెస్సులో అచ్చయింది. రచన, సంగీతం: కిషోర్.

“ఇది శవం జేబులో ఉంది.”

కిషోర్ గోడకు జారగిలబడ్డాడు. “నా పేరు తీసి వాని పేరు ఏసేదాకా మెట్టు దిగనన్యాడు సార్. యెంత చెప్పినా ఇనలా.”

పాట ఇప్పుడు మూలుగుగా మారింది. దొరస్వామి ఆపబోయాడు.

“ఆపద్దు సార్.” విక్టోరియా వంగి, ప్లగ్ గోడకు పెట్టింది.

గొంతు ఒక్కసారిగా తన శ్రుతికి లేచింది.

“గుంత తవ్విస్తానమ్మా,” అన్నాడు కృపానందం మెల్లగా. “మన తోటలోనే.”

ఆమె టూ-ఇన్-వన్ పక్కనే నేలమీద కూర్చుంది. పాట ఇంకా అయిపోలేదు.