అగరుబత్తి పుల్ల, అవ్వ పద్యం

యాదగిరిగుట్టపై కొలువైన లక్ష్మీనరసింహా! స్తంభంలో ఎవరి కంటా పడకుండా నిలిచినవాడవు నీవు. గోడలో ఎవరి కంటా పడకుండా ఉండే కరెంటును గురించి ఒక చిన్న కథ చెప్పబోతున్నాను. ఈ మాటలు పిల్లల చెవులకు తీయగా చేరేటట్లు అనుగ్రహించు స్వామీ!

మధ్యాహ్నం మూడు గంటలైంది. దుబాయిలోని ఒక హోటల్ గదిలో స్నిగ్ధ చార్జర్ పట్టుకొని గోడ ముందు నిలబడి ఉంది. చార్జర్‌కు రెండు గుండ్రని పిన్నులు. గోడమీది సాకెట్‌కేమో మూడు నలుపలకల రంధ్రాలు. ఎంత నెట్టినా పిన్నులు లోపలికి పోవడం లేదు.

స్నిగ్ధది నకిరేకల్. ఆరో తరగతి చదువుతోంది. ఆ సాయంత్రం ఏడు గంటలకు అక్కడి తెలుగువారి సభలో ఆమె పద్యం పాడాలి. అది అవ్వ పుష్పమ్మ నరసింహస్వామిపై స్వయంగా రాసిన పద్యం. నెలరోజులు పక్కన కూర్చోబెట్టుకొని నేర్పింది. సభలో మనుమరాలి నోట దానిని వినాలనే అవ్వ విమానమెక్కింది.

కానీ చెవి మిషన్ లేనిదే అవ్వకు ఏమీ వినబడదు. ఆ మిషన్‌లో పొద్దున్నే చార్జింగ్ అయిపోయింది.

స్నిగ్ధ తండ్రి పరశురాం సభ జరిగే చోటు చూడడానికి వెళ్తూ, "నేనొచ్చినంక చార్జింగ్ పెడదాం. కింద అడాప్టర్ అడగాలె. అప్పటిదాంక నువ్వు ముట్టకు" అన్నాడు.

'బాపు రావడం ఆలస్యమైతే?' అనుకుంది స్నిగ్ధ. ఇంట్లో పిన్నులు పట్టకపోతే బాపు పై రంధ్రంలో పెన్ను మూత దూర్చేవాడు. అప్పుడు కింది రంధ్రాలు తెరుచుకొనేవి. ఆమె చాలాసార్లు చూసింది.

పెన్ను దొరకలేదు. అవ్వ పూజ సంచిలో కాలిపోయిన అగరుబత్తి పుల్ల దొరికింది. దానిని పై రంధ్రంలో గుచ్చి, చార్జర్‌ను గట్టిగా నెట్టింది. పిన్నులు వదులుగా ఊగాయి. పుల్ల పుటుక్కున విరిగింది. చిటచిటమంటూ నీలిరంగు మెరుపు! గదిలో దీపాలన్నీ ఆరిపోయాయి. స్నిగ్ధ చెయ్యి వెనక్కి లాక్కుంది.

మంచంమీద పుస్తకం చదువుకుంటున్న అవ్వ తలెత్తింది. "కరెంటు పోయిందానే? దుబాయిల గూడ పోతదా?"

స్నిగ్ధ గదిలోని ఫోన్‌లో కిందికి చెప్పింది. కాసేపటికి హోటల్ ఎలక్ట్రీషియన్ తలుపు తట్టాడు. ఆయన పేరు ముజాహిద్. వీళ్ల తెలుగు వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"నకిరేకల్ అంకుల్."

"అరె! నాది పాలమూరే. మనోళ్లే వచ్చిన్రు!"

ఆయన టార్చి వేసి సాకెట్ చూశాడు. "ఇండ్ల ఏమన్న పెట్టినవా?"

స్నిగ్ధ తల అడ్డంగా ఊపింది. ముజాహిద్ స్క్రూడ్రైవర్ తీశాడు. "ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా. తెల్వకుండ చెయ్యి పెడితే నాకు షాక్ కొడతది."

"ఆగండి అంకుల్! అగరుబత్తి పుల్ల పెట్టిన. లోపల్నే విరిగింది."

"ఓహో! సాకెట్‌కు పూజ చేసినవా?" అని ఆయన పకపకా నవ్వాడు. స్నిగ్ధకూ నవ్వొచ్చింది, కన్నీళ్లతోపాటు.

ఆయన మెయిన్ స్విచ్ కట్టేసి, సాకెట్ విప్పి, పుల్ల ముక్కను బయటికి తీశాడు. "లోపల చిన్న తలుపులుంటయ్ బిడ్డా. పిల్లల వేళ్లు పోకుండ అవి కావలి కాస్తయ్. నువ్వు పుల్లతోని కావలోన్నే పక్కకు జరిపినవ్."

తర్వాత చార్జర్‌ను స్నిగ్ధ చేతిలో పెట్టాడు. "గీ చిన్న అక్షరాలు చదువు."

"వంద నుంచి రెండు వందల నలభై వోల్టులు."

"ఇక్కడి కరెంటు రెండు వందల ముప్పై. గందుకే ఇది ఇక్కడ నడుస్తది. కొన్ని దేశాలల్ల వేరే ఉంటది. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తది గానీ కరెంటును మార్చదు. ముందు చదువాలె, తర్వాతనే పెట్టాలె."

సాకెట్‌ను మళ్లీ బిగించి, కింది నుంచి ఆయనే అడాప్టర్ తెచ్చి పెట్టి, మెయిన్ స్విచ్ వేశాడు. చెవి మిషన్ డబ్బామీద పచ్చదీపం వెలిగింది. స్నిగ్ధ చప్పట్లు కొట్టింది. బాపు రాగానే జరిగినదంతా తానే చెప్పింది.

ఏడు గంటలకు స్నిగ్ధ వేదికమీద గొంతెత్తింది. ముందు వరుసలో అవ్వ కళ్లు మూసుకొని విన్నది. ఆమె పక్కన, స్నిగ్ధ పిలిస్తే వచ్చిన ముజాహిద్ కూడా కూర్చున్నాడు. సభ అయ్యాక స్నిగ్ధ అవ్వ దగ్గరికి పరుగెత్తింది.

"వినబడ్డదా అవ్వా?"

"ఎందుకు వినబడలే! మూడో పాదంల ఉరికినవ్. మెల్లగ చదువుమన్ననా లేదా?" అంటూ అవ్వ ఆమెను గుండెకు హత్తుకుంది.

అవ్వ తిట్టు అంత తీయగా ఉంటుందని స్నిగ్ధకు ఆ రోజే తెలిసింది.

నకిరేకల్ తిరిగొచ్చాక, దుబాయిలో అవ్వకోసం కొన్న చదువుకొనే దీపాన్ని బాపు బయటికి తీశాడు. దానికి మూడు నలుపలకల పిన్నులు. ఇంటి సాకెట్‌లో అవి పట్టలేదు. బాపు జేబులోని పెన్ను మూత తీశాడు.

"బాపూ, జర ఆగు!"

స్నిగ్ధ స్విచ్ కట్టేసింది. దీపం అడుగున ఉన్న చిన్న అక్షరాలను పైకి చదివింది. తర్వాత దుకాణం నుంచి అడాప్టర్ తెద్దామని బాపు చెయ్యి పట్టుకుంది. బాపు నవ్వి, పెన్నుకు మూత పెట్టేశాడు.

ఆ సాయంత్రం కొత్త దీపం వెలుగులో అవ్వ మరో పద్యం మొదలుపెట్టింది.

ఈ కథ విన్న పిల్లల ఇళ్లలో దీపాలు చల్లగా వెలుగుగాక! వారి చేతులు క్షేమంగా, చెవులు పద్యాలతో నిండుగా ఉండుగాక! దేశం దాటి వెళ్లిన ప్రతివారికీ ఆ నరసింహుడు తోడై, మనవారిని చూపించుగాక!